మీ ప్రశ్న – నా జవాబు: మాటకారినా, పనిమంతుడినా? ఉద్యోగంలోకి ఎవర్ని తీసుకోవాలి?

ప్రశ్న: నమస్తే మేడమ్. మాది 12 మంది పనిచేసే చిన్న సంస్థ. గత రెండేళ్ళలో ఐదుగురిని కొత్తగా తీసుకున్నాను, అందులో ముగ్గురు ఏడాది కూడా నిలబడలేదు. ఇంటర్వ్యూలో అందరూ అద్భుతంగా అనిపించారు, పనిలోకి దిగాక చూస్తే ఒకరు గడువులు పట్టించుకోరు, ఇంకొకరు తప్పు జరిగితే దాచేస్తారు. అసలు ఒక మనిషిలో ఏ లక్షణాలు చూసి ఉద్యోగం ఇవ్వాలి? ఒక్కొక్కరు ఒక్కో లిస్ట్ చెప్తున్నారు, బుర్ర పాడైపోతోంది.

జవాబు: ముందు ఒక మాట అడుగుతానండీ, ఆ ఐదుగురూ అద్భుతంగా "అనిపించారు" అన్నారు కదా, ఏం చూసి అనిపించింది? ధీమాగా మాట్లాడటం, నవ్వు మొహం, మంచి డ్రెస్సు, తడుముకోకుండా జవాబులు... చాలామటుకు ఇవే అయ్యుంటాయి. తప్పు మీ ఒక్కరిదే కాదు, మనుషులందరి బుర్రా అలాగే పనిచేస్తుంది. 1920లోనే ఎడ్వర్డ్ థార్న్‌డైక్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త, సైన్యంలో పై అధికారులు కింది అధికారులకి వేసిన మార్కులు తీసి చూస్తే, ఒకడి ఒడ్డూపొడుగూ నచ్చినవాళ్ళు వాడి తెలివికీ నాయకత్వానికీ నడవడికీ కూడా ఎక్కువ మార్కులే వేసేశారని తేలింది. దీన్ని హేలో ఎఫెక్ట్ అంటారు. ఇంటర్వ్యూ గదిలో మొదటి ఐదు నిమిషాల్లో మనకి జరిగేది ఇదే, ఒకటి నచ్చితే మిగతావన్నీ మనమే నింపేసుకుంటాం.

మాటలు కోటలు దాటతాయి, కాళ్ళు గడప దాటవు అని మన పెద్దవాళ్ళు ఊరికే అనలేదు. నాకూ ఈ దెబ్బ తగిలింది. నేను ఒకప్పుడు పనిచేసిన చోట అకౌంట్స్ పనికి ఇద్దరు చివరిదాకా వచ్చారు, ఒకతను గలగలా మాట్లాడాడు, ఇంకొకావిడ ప్రతి ప్రశ్నకీ కాసేపు ఆగి నేలచూపులు చూస్తూ నెమ్మదిగా చెప్పింది. నేనైతే మనసులో అతనికి టిక్ పెట్టేశాను. మా సీనియర్ ఒకాయన మాత్రం ఆగమని, ఇద్దరికీ ఒక పాత నెల లెక్కల షీటూ బ్యాంక్ స్టేట్‌మెంటూ ఇచ్చి అరగంటలో టాలీ చెయ్యమన్నారు. అతను పది నిమిషాల్లో అయిపోయిందని ఇచ్చేశాడు. ఆవిడ అరగంటా తీసుకుని, పూర్తి కూడా చెయ్యకుండా వచ్చి, "ఈ ఎంట్రీ రెండుసార్లు పడిందండీ, ఇది తేలకుండా కిందకి వెళ్తే టోటల్ తప్పే వస్తుంది, ఎవర్నైనా అడగొచ్చా?" అంది. ఆ ఎంట్రీ సంగతి అప్పటిదాకా మాకే తెలీదు! ఆ రోజు నాకు సిగ్గేసింది, ఎందుకంటే నేను ఒక్కదాన్నే నిర్ణయం తీసుకునుంటే ఆవిడని ఇంటికి పంపించేసేదాన్ని.

ఆవిడ చేసిన ఆ చిన్న పనిలోనే మీరడిగిన లక్షణాలు చాలావరకు ఉన్నాయి చూడండి. పనిని తన పనిలా చూడటం, కళ్ళముందున్న తప్పుని చూసీ చూడనట్టు వదలకపోవడం, తెలియనిది అడగడానికి నామోషీ పడకపోవడం, పూర్తికాని పనిని పూర్తయిందని చెప్పకపోవడం.

వీటిలో ఒక్కటే ఎంచుకోమంటే, పనికి పూచీ పడే గుణాన్నే నేను ఎంచుకుంటాను. చెప్పిన టైమ్‌కి చెప్పిన పని చెయ్యడం, చెయ్యలేకపోతే ముందే చెప్పడం. బారిక్, మౌంట్ అని ఇద్దరు పరిశోధకులు 1991లో అప్పటిదాకా వచ్చిన అధ్యయనాలు చాలావాటిని కలిపి చూస్తే, మనిషి స్వభావంలో ఉండే ఐదు పెద్ద గుణాల్లో ఇదొక్కటే వాళ్ళు చూసిన అన్ని రకాల ఉద్యోగాల్లోనూ పనితీరుతో ముడిపడి కనిపించింది. కలుపుగోలుతనం లాంటిది సేల్స్‌కీ మేనేజర్లకీ పనికొచ్చింది గానీ అన్నిచోట్లా కాదు. మనమేమో ఇంటర్వ్యూలో కలుపుగోలుతనాన్నే చూసి మురిసిపోతాం.

సరే, దీన్ని కనిపెట్టడం ఎలా? "మీరు బాధ్యతగా ఉంటారా?" అని అడిగితే ఉండనని ఎవరంటారు చెప్పండి. జరిగిపోయిన విషయం అడగాలి. "మీ చేతిలో చెడిపోయిన పని ఒకటి చెప్పండి, ఏం జరిగింది, మీకు ఎప్పుడు తెలిసింది, తెలిసిన వెంటనే ఎవరికి చెప్పారు, తర్వాతసారి ఏం మార్చారు?" ఇలా ఒక్క సంఘటననే పట్టుకుని లోపలికి, ఇంకా లోపలికి వెళ్ళండి. నిజంగా చేసినవాళ్ళ దగ్గర వివరాలుంటాయి, ఏ రోజు, ఏ ఫైలు, కస్టమర్ ఏమన్నాడు అన్నీ చెప్తారు. చెయ్యనివాళ్ళు రెండో ప్రశ్నకే "టీమ్‌వర్క్ చాలా ముఖ్యమండీ" అంటూ గాల్లోకి వెళ్ళిపోతారు. ఇంకోటి, తప్పు గురించి చెప్పేటప్పుడు తన వాటా ఎంతో ఒప్పుకుంటున్నారా, మొత్తం పాత బాస్ మీదకీ తోటివాళ్ళ మీదకీ నెట్టేస్తున్నారా వినండి. మంచి జరిగినప్పుడు "నేను", చెడు జరిగినప్పుడు "వాళ్ళు" అనే మనిషితో మాత్రం జాగ్రత్తండీ. మీ దగ్గర తప్పు దాచిన ఆ ఉద్యోగి ఈ ప్రశ్న దగ్గరే దొరికిపోయుండేవారని నా నమ్మకం.

ఇవన్నీ అడగకముందే ఒక పని చెయ్యాలి. ఈ ఉద్యోగంలో చేరిన మనిషి ఆరు నెలల్లో ఏం చేసి చూపిస్తే మీరు సంతోషపడతారో ఒక కాగితం మీద రాయండి. దాన్నుంచి నాలుగు గుణాలు తీయండి, అంతే, పదహారు కాదు. పదహారు గుణాలున్న మనిషి కోసం కూర్చుంటే ఎవరూ దొరకరు, విసుగొచ్చి ఆఖరికి మళ్ళీ బాగా మాట్లాడినవాళ్ళనే తీసుకుంటాం. ఇంకో మాట, కోపం తెచ్చుకోకండి, వెళ్ళిపోయిన ఆ ముగ్గురికీ ఏం చెయ్యాలో మొదటి నెలలో ఎవరైనా కూర్చోబెట్టి స్పష్టంగా చెప్పారా? అదీ ఒకసారి చూసుకోండి.

ప్రశ్న: పదేళ్ళ అనుభవం ఉన్నవాళ్ళని తీసుకోవాలా, అనుభవం తక్కువైనా చురుగ్గా ఉన్న కుర్రవాళ్ళనా? మా పార్ట్‌నర్‌కీ నాకూ రోజూ ఇదే గొడవ.

జవాబు: ఏళ్ళు లెక్కపెట్టడం మానేయండి, మీ గొడవ సగం తీరిపోతుంది. ఉద్యోగుల ఎంపిక మీద 85 ఏళ్ళ పరిశోధనని ష్మిట్, హంటర్ అనే ఇద్దరు 1998లో ఒకచోట చేర్చారు. 0 అంటే తర్వాతి పనితీరుతో ఏ సంబంధమూ లేనట్టు, 1 అంటే దాన్ని ముందే పక్కాగా చెప్పగలిగినట్టు అనుకుంటే, అనుభవం ఎన్నేళ్ళు అన్నదానికి వచ్చింది 0.18, ఎన్నేళ్ళు చదువుకున్నారు అన్నదానికి 0.10 మాత్రమే. చేతిరాత చూసి మనిషిని అంచనా వెయ్యడానికైతే 0.02, అంటే ఏమీ లేనట్టే. అసలు పనిలో ఒక ముక్క చేయించి చూడటం మాత్రం 0.54తో అన్నిటికన్నా పైన నిలిచింది. 2022లో సాకెట్, ఆయన తోటి పరిశోధకులు ఈ లెక్కల్ని మళ్ళీ సరిచూసి చాలావాటిని తగ్గించారు, పని చేయించి చూడటం 0.33కి దిగింది, అందరికీ ఒకే ప్రశ్నలు వేసే ఇంటర్వ్యూ 0.42తో మొదటికొచ్చింది, ఏదో నోటికొచ్చినట్టు కబుర్లలా సాగే ఇంటర్వ్యూకి 0.19 వచ్చింది. ఏ పద్ధతీ 1 దరిదాపులకి రాలేదు చూశారా, అందుకే ఒక్కదాన్నే నమ్ముకోకుండా రెండు మూడు కలిపి వాడమంటాను.

పదేళ్ళ అనుభవం అంటే పదేళ్ళు నేర్చుకుంటూ రావడం కావచ్చు, ఒక్క ఏడాది నేర్చుకున్నదాన్నే పదిసార్లు చెయ్యడమూ కావచ్చు. అందుకని "ఈ మధ్య కొత్తగా ఏం నేర్చుకున్నారు, ఎందుకు నేర్చుకోవాల్సి వచ్చింది, దాంతో ఏం చేశారు?" అని అడగండి. వయసు ఎంతైనా ఈ ప్రశ్నకి కళ్ళు మెరిసేవాళ్ళుంటారు, వాళ్ళని వదులుకోకండి.

పని చేయించి చూసేటప్పుడు ఒక్క విన్నపం. గంట లోపు పని ఇవ్వండి, అంతకన్నా పెద్దదైతే డబ్బులిచ్చి చేయించుకోండి. ఉద్యోగం ఆశ చూపించి నాలుగు రోజుల పని ఉచితంగా చేయించుకునేవాళ్ళని చూశాను, అది అన్యాయం. అయినా మంచి పనివాళ్ళు అలాంటి చోటికి మళ్ళీ తిరిగి చూడరు కూడా.

ప్రశ్న: మనిషిని చూడగానే నాకు తెలిసిపోతుంది మేడమ్, 20 ఏళ్ళుగా మనుషులతోనే నా వ్యాపారం. అందరికీ ఒకే ప్రశ్నలు వేసి మార్కులు వెయ్యడం మరీ మెషీన్‌లా ఉండదా?

జవాబు: సరిగ్గా ఇదే మాట 1955 ప్రాంతంలో ఇజ్రాయెల్ సైన్యంలో ఇంటర్వ్యూలు చేసేవాళ్ళు అన్నారు. అప్పటికి 21 ఏళ్ళ డేనియల్ కానెమన్ వాళ్ళకి కొత్త పద్ధతి పెట్టాడు, తర్వాత 2002లో ఆర్థిక శాస్త్రంలో నోబెల్ అందుకున్నది ఆయనే. ఆరు గుణాలు, ఒక్కో గుణానికీ గతంలో ఏం చేశారో అడిగే ప్రశ్నలు, ఒకదానికి మార్కు వేశాకే రెండోదానికి వెళ్ళాలి. మమ్మల్ని మరబొమ్మల్ని చేస్తున్నావని వాళ్ళు గొడవ పెడితే ఆయన మధ్యేమార్గం చూపించాడు, ఆరింటికీ మార్కులు వెయ్యండి, ఆఖర్లో కళ్ళు మూసుకుని ఈ మనిషి మంచి సైనికుడవుతాడా అని ఊహించుకుని ఇంకో మార్కు కూడా వెయ్యండి అన్నాడు. తర్వాత చూస్తే కొత్త పద్ధతి పాతదానికన్నా బాగా పనిచేసింది, ఆ కళ్ళు మూసుకుని వేసిన మార్కు కూడా మిగతావాటికి దీటుగానే పనికొచ్చింది!

కాబట్టి మీ మనసు చెప్పేది పారెయ్యమని నేననను, దాన్ని చివరిదాకా ఆపండి, అంతే. ఇద్దరు ముగ్గురు కూర్చుని ఇంటర్వ్యూ చేస్తుంటే, ఎవరి మార్కులు వాళ్ళు రాసుకునేదాకా ఒకరితో ఒకరు మాట్లాడుకోకండి. "మనలో కలిసిపోతాడు" అన్న మాట వచ్చినప్పుడల్లా ఏ విషయంలో కలుస్తాడని అడగండి, చాలాసార్లు అది మనలాగే మాట్లాడతాడు అని తప్ప ఇంకేమీ ఉండదు.

ప్రశ్న: పజిల్స్, చిక్కు ప్రశ్నలు అడిగితే తెలివి బయటపడుతుందా?

జవాబు: లేదు. ఒకప్పుడు ఇలాంటి ప్రశ్నలకి పేరుపడిన గూగుల్‌లోనే, ఉద్యోగుల వ్యవహారాలు చూసిన లాజ్లో బాక్ 2013లో అవి శుద్ధ టైమ్ దండగని బయటికే చెప్పారు. ఆ పది నిమిషాలూ మీ పనిలో నిజంగా వచ్చిన చిక్కు ఒకటి ముందు పెట్టి, వాళ్ళు ఏమేం అడుగుతారో వినండి. జవాబుకన్నా ముందు ప్రశ్నలు అడిగేవాళ్ళని గుర్తుపెట్టుకోండి.

ప్రశ్న: నేను అవతలి వైపు మనిషిని మేడమ్. పని బాగా చేస్తానని నాతో పనిచేసినవాళ్ళంతా అంటారు, ఇంటర్వ్యూలో మాత్రం నోరు పెగలదు. నాలాంటివాళ్ళని ఎవరైనా తీసుకుంటారా?

జవాబు: తీసుకుంటారమ్మా, పైన చెప్పిన ఆవిడని మేము తీసుకున్నాం కదా. నువ్వు చేసిన పనుల్లో ఐదు ఎంచుకుని, ఒక్కోదానికీ పరిస్థితి ఏంటి, నువ్వు ఏం చేశావు, చివరికి ఏమైంది అని నాలుగేసి లైన్లు రాసుకో, అందులో ఒకటి చెడిపోయిన పని కూడా ఉండాలి. వాటిని పైకి పదిసార్లు చెప్పుకో, బట్టీ కొట్టకు, ఎవరైనా ఫ్రెండ్‌ని కూర్చోబెట్టి చెప్పు. గదిలోకి వెళ్ళాక ఆలోచించుకోవడానికి టైమ్ కావాలంటే "ఒక నిమిషం ఆలోచించి చెప్తాను" అను, అందులో తప్పేం లేదు. మాటలు తడబడుతున్నాయనిపిస్తే, "ఒక చిన్న పని ఇవ్వండి, చేసి చూపిస్తాను" అని నువ్వే అడుగు. ఆ మాట విని కూడా ఒప్పుకోకపోతే ఆ ఒక్క చోటు పోయిందనుకో, రాసుకున్న ఆ ఐదూ పట్టుకుని ఇంకో చోటికి వెళ్ళు. ఏమైందో నాకు తప్పకుండా రాయి, ఎదురుచూస్తుంటాను.