రొయ్యల లోడు తోలే డీజిల్ పికప్‌కి ఏ మీటర్లు బిగించుకోవాలి?

మీరు అడిగింది ఇదీ: 2018 మోడల్ బొలెరో పికప్, పాలకొల్లు వైపు చెరువుల నుంచి రొయ్యలూ ఐసూ తోలుతున్నారు, ఎండాకాలంలో ఇంజన్ వేడెక్కుతోందని అనుమానం. ఆన్‌లైన్‌లో బూస్టు (టర్బో ఇంజన్‌లోకి తోసే గాలి ఒత్తిడి), ఎగ్జాస్టు (పొగ) వేడి, ఓల్టేజి మూడూ కలిపిన సెట్ ఒకటి చూశారు, కొనొచ్చా, ఎవరిచేత బిగించాలి అని. నేను భీమవరం చుట్టుపక్కల ఇదే పనిలో ఉన్నానండి, నా బండీ అదే 2.5 లీటర్ల టర్బో డీజిల్. ఆ సెట్ కొనకండి అనే చెబుతాను. మీ అనుమానం ఇంజన్‌ని చల్లబరిచే రేడియేటర్ నీళ్ల వేడి మీద. ఆ సెట్‌లో నీళ్ల వేడి చూపించే మీటరే లేదు.

డ్యాష్‌బోర్డు మీద కంపెనీ ఇచ్చిన టెంపరేచర్ ముల్లు ఉందిగా అంటారేమో. దాన్ని కాసేపు గమనించండి. ఇంజన్ వేడెక్కాక మధ్యలోకి వచ్చి నిలబడుతుంది, ఇక కదలదు. చాలా బండ్లలో కావాలనే అలా చేస్తారు. నీళ్లు 80 డిగ్రీల్లో ఉన్నా 95లో ఉన్నా ముల్లు ఒకచోటే ఉంటుంది, లేకపోతే ప్రతి ఓనరూ కంగారుపడి సర్వీస్ సెంటరుకి వస్తాడు. అది ఎరుపు వైపు కదిలిందంటే అప్పటికే ఆలస్యం.

దానికి ఇంకో లోపం ఉంది, ఇది ఎక్కువమందికి తెలియదు. ఆ సెన్సార్ నీళ్లలో మునిగి ఉంటేనే సరిగ్గా చెబుతుంది. హోస్ పగిలి నీళ్లన్నీ కారిపోతే సెన్సార్ చుట్టూ మిగిలేది గాలీ ఆవిరీ. అప్పుడు ముల్లు పైకి పోవడం మాట అటుంచి, కిందికి కూడా దిగొచ్చు. కాళ్ల అనే ఊరి నుంచి భీమవరం వస్తుండగా నా బండికి కింది హోస్ క్లిప్ వదులైనప్పుడు అచ్చం ఇదే జరిగింది. వెనక ఫుల్ లోడు, ముందు కంపెనీ ముల్లు చల్లగా చూపిస్తోంది. బజర్ మోగింది కాబట్టి ఆపాను. బానెట్ ఎత్తితే రిజర్వాయరు ఖాళీ, ఇంజన్ మీద నుంచి సెగ. ఇంకో రెండు కిలోమీటర్లు తోలి ఉంటే హెడ్ గాస్కెట్టు పోయేది, రొయ్యలూ పోయేవి.

ఆ బజర్ మోగించింది ఖరీదైన మీటరేం కాదు. సిలిండర్ హెడ్ దగ్గర ఏదో ఒక బోల్టు కింద లగ్గులా (వైరు కొసన ఉండే రింగులా) బిగించే సెన్సార్, దానికో చిన్న డిస్‌ప్లే, అలారం. అది నీళ్ల వేడి కాదు, లోహం వేడి చూస్తుంది. నీళ్లున్నా లేకపోయినా పనిచేస్తుంది. ఏ పైపూ కోయక్కర్లేదు, ఎక్కడా చిల్లు పెట్టక్కర్లేదు. మీరు ఒక్కటే కొనేట్టయితే ఇది కొనండి. ఒక్క జాగ్రత్త, హెడ్‌ని బ్లాకుకి పట్టి ఉంచే పెద్ద బోల్టుల జోలికి మాత్రం పోవద్దు. థర్మోస్టాట్ హౌసింగ్ బోల్టో, హెడ్‌కి ఏదైనా బ్రాకెట్టు పట్టిన బోల్టో చాలు. అలారం ఎంతకి పెట్టాలని నన్ను చాలామంది అడుగుతారు. బోల్టుని బట్టి అంకె మారుతుంది కాబట్టి ఒకరి అంకె ఇంకొకరికి పనికిరాదు. మే నెల మధ్యాహ్నం ఫుల్ లోడుతో తోలి చూసుకోండి, ఎక్కువలో ఎక్కువ ఎంత చూపించిందో దానికి ఎనిమిదో పదో డిగ్రీలు కలిపి పెట్టుకోండి.

నీళ్ల వేడి మీటరు రెండోది. దీని సెన్సార్‌కి సులువైన చోటు రేడియేటర్ పై హోస్. హోస్‌ని మధ్యలో కోసి అల్యూమినియం అడాప్టర్ పెట్టి రెండు వైపులా క్లిప్పులు వేస్తారు, సెన్సార్ ఆ అడాప్టర్‌లో దిగుతుంది. ఇక్కడే ఎలక్ట్రీషియన్లు ఒకటి మరిచిపోతారు. అడాప్టర్‌కి రెండు పక్కలా రబ్బరే, ఎర్త్ ఎక్కడి నుంచి వస్తుంది? ఒంటి వైరు సెన్సార్ అయితే అడాప్టర్ బాడీ నుంచి ఇంజన్‌కి విడిగా ఎర్త్ వైరు లాగాలి. మరల మీద టెఫ్లాన్ టేపు దట్టంగా చుట్టినా ఇదే గొడవ, ఎర్త్ సరిగా తగలదు. ముల్లు పిచ్చిపిచ్చిగా ఊగుతుంటే మీటరుని తిట్టేముందు ఎర్త్ చూడండి.

బిగించేముందు మీటరుని పరీక్షించడం మన వైపు చాలా సులువు. డెల్టా అంతా సముద్ర మట్టానికి కొద్ది ఎత్తులోనే ఉంది కాబట్టి ఇంట్లో మరిగే నీళ్లు దాదాపు కచ్చితంగా 100 డిగ్రీలు. మీటరుని బ్యాటరీకి కలిపి, సెన్సార్ కొసని ఆ గిన్నెలో ముంచండి. 100కి అటూ ఇటూ రెండు మూడు డిగ్రీలు ఫరవాలేదు. 88 చూపిస్తే తిరిగి ఇచ్చేయండి. బండిలో మాత్రం 100 దాటగానే నీళ్లు మరిగిపోవు, రేడియేటర్ మూత ఒత్తిడి పట్టి ఉంచుతుంది. 0.9 బార్ మూత బాగుంటే మరిగేది 118 దగ్గర. అయినా నేను 103 దాటితే బండి పక్కకి తీస్తాను.

ఫోనులో చూసుకునే బ్లూటూత్ ఓబీడీ అడాప్టర్ (బండి కంప్యూటర్ సాకెట్‌కి గుచ్చేది) చాలదా అని కూడా అడిగారు. చవక కదా, కొని చూడండి, కూలెంట్ వేడి అంకెల్లో వస్తే మంచిదే. కాకపోతే అది చదివేది కంపెనీ సెన్సార్‌నే. నీళ్లు పోయినప్పుడు ఆ సెన్సార్ చెప్పే అబద్ధాన్నే ఫోనూ చెబుతుంది.

మూడోది ఆయిల్ ప్రెషర్. డ్యాష్‌బోర్డు మీది ఆయిల్ లైటు చాలా ఇంజన్లలో అర బార్ లోపు ఒత్తిడికి పడిపోతే గానీ వెలగదు. వేడెక్కిన ఇంజన్ ఐడిల్‌లో ఒక బార్ పైన, రోడ్డు మీద మూడు నాలుగు బార్లు ఉండటం మామూలు. నెలల తరబడి మూడు చూపించిన ముల్లు రెండుకి దిగుతోందంటే బేరింగో, పంపో, ఆయిల్‌లో డీజిల్ కలవడమో ఏదో మొదలైందని అర్థం. లైటు ఇది ఎప్పటికీ చెప్పదు. దీంట్లో ఎలక్ట్రిక్ మీటరే తీసుకోండి. సన్న పైపుతో వేడి ఆయిల్‌ని క్యాబిన్ లోపలిదాకా తెచ్చే మెకానికల్ రకం ఇప్పటికీ దొరుకుతుంది. ఆ పైపు ఊడితే కాళ్ల మీద పడేది మరిగే నూనె.

మీటరూ, దాని సెండరూ (ఇంజన్‌కి బిగించే సెన్సార్) ఒకే డబ్బాలోవి అయి ఉండాలి. యూరప్ లెక్క సెండర్లు 10 నుంచి 180 ఓమ్‌ల మధ్య పనిచేస్తాయి, అమెరికా లెక్కవి 240 నుంచి 33కి దిగుతాయి. అంటే ఒకటి పైకి పోతుంటే ఇంకోటి కిందికి వస్తుంది. పాత లారీ మీటరు ఒకచోట, సెండర్ ఇంకోచోట కొంటే ఇంజన్ ఆపి ఉన్నా ముల్లు ఫుల్ చూపించే చిత్రం చూస్తారు. మరలూ అంతే. పైకి ఒకలా కనిపించే రెండు రకాల మరలుంటాయి, అంగుళానికి 27 చుట్లది ఒకటి, 28 చుట్లది ఇంకోటి. చేత్తో రెండు మూడు చుట్లు తిరిగి బిగుసుకుంటే పానాతో బలవంతం చేయనివ్వకండి. ఇంజన్ వైపు మర చెడితే సెండర్ కంటే ఎన్నో రెట్లు ఖర్చు.

ఓల్టేజి మీటరు గురించి పెద్దగా చెప్పేదేం లేదు. ఇంజన్ ఆపితే పన్నెండున్నర, నడుస్తుంటే 13.8 నుంచి 14.4. రాత్రి హెడ్‌లైట్లు వేసినప్పుడు పదమూడు కిందకి జారుతుంటే ఆల్టర్నేటరో బెల్టో చూపించండి.

ఇక బూస్టు. మార్చని ఇంజన్‌కి అది రోజూ చూడాల్సిన మీటరు కాదు. ఇంటర్‌కూలర్ హోస్ చీలితే బూస్టు పడిపోతుంది, నల్లపొగ వస్తుంది, లోడు లాగదు. ఆ సంగతి మీటరు ముందే పట్టిస్తుంది, అంతే. పెట్టుకోవాలని ఉంటే దాని గొట్టం ఇన్‌టేక్ మానిఫోల్డ్ (ఇంజన్‌లోకి గాలి పోయే దారి) వైపు నుంచి తీసుకోండి. వేస్ట్‌గేట్‌కి (టర్బో ఒత్తిడి మితిమీరకుండా చూసే కవాటం) పోయే సన్న గొట్టంలో టీ జాయింటు వేయనివ్వకండి. అక్కడ గాలి లీకైతే వేస్ట్‌గేట్ సరిగా తెరుచుకోక టర్బో అతిగా తిరుగుతుంది.

ఎగ్జాస్టు వేడి మీటరు అసలు ఎవరికి కావాలి? పంపో ట్యూనింగో మార్చి డీజిల్ ఎక్కువ పోయిస్తున్నవాళ్లకి. కడియం నుంచి మొక్కల లోడుతో మారేడుమిల్లి ఘాట్ ఎక్కేవాళ్లకి కూడా. పాలకొల్లు, నరసాపురం వైపు చించినాడ వంతెనకి మించిన ఎత్తే లేదు కదండీ. అయినా పెట్టుకుంటానంటే టర్బోకి ముందు, ఎగ్జాస్టు మానిఫోల్డ్‌లో నాలుగు దారులూ కలిసే చోట పెట్టాలి. టర్బో దాటాక పెడితే వందకి పైగా డిగ్రీలు తక్కువ చూపిస్తుంది, పిస్టన్ దగ్గర ఏం జరుగుతోందో తెలియదు. టర్బోకి ముందు 700 డిగ్రీలు దాటి నిలకడగా ఉంటే కాలు తీయాలి, గేరు దించాలి. చిల్లు పెట్టడానికి మానిఫోల్డ్ విప్పి లేత్ షాపుకి తీసుకెళ్లాల్సిందే. బండి మీదే డ్రిల్ పెట్టి "గ్రీజు రాస్తే పొడి అందులోనే అంటుకుంటుంది" అనేవాళ్లున్నారు. ఒక్క ఇనుప రజను టర్బైన్ రెక్కకి తగిలితే ఎవరు కడతారు? ఆ సెన్సార్ వైరు పొడవు చాలకపోతే మామూలు రాగి వైరు అతికించకూడదు, అదే రకం థర్మోకపుల్ (వేడి కొలిచే జంట లోహాల) వైరే వాడాలి, లేకపోతే అంకె తప్పుతుంది.

వైరింగ్‌లో మన ప్రాంతానికి ఉప్పుగాలి ఒక శాపం. ఐస్ నీళ్లూ రొయ్యల నీళ్లూ కారి అన్నీ ఉప్పుమయం. ఉత్త మెలి పెట్టి ఇన్సులేషన్ టేపు చుట్టిన జాయింటు ఒక వానాకాలం దాటదు, లోపల రాగి పచ్చబడుతుంది. క్రింప్ చేసి, జిగురున్న హీట్ ష్రింక్ స్లీవ్ వేసి, లగ్గుల మీద పెట్రోలియం జెల్లీ రాయించండి. కరెంటు ఇగ్నిషన్ ఆన్‌లో వచ్చే చోటు నుంచి, విడి ఫ్యూజ్‌తో. మూడు ఆంపియర్లు చాలు. మీటరు లైటు పార్కింగ్ లైటుతో కలపండి, లేకపోతే ఏటిగట్టు మీద చీకట్లో ఆ నీలం వెలుగు కళ్లలో పొడుస్తుంది. నేనైతే ముల్లు ఉన్న 52 మిల్లీమీటర్ల మీటరే ఇష్టపడతాను, మధ్యాహ్నం ఎండలో డిజిటల్ అంకెలు కనిపించి చావవు.

ఇవన్నీ కొనేలోపు ఓ పూట రేడియేటర్ చూడండి. కోతల రోజుల్లో ఎగిరిన ఊకా గడ్డిపొడీ, రాత్రి చెరువు లైట్ల దగ్గరి పురుగులూ రెక్కల మధ్య పేరుకుంటాయి. ఏసీ కండెన్సర్ ఉంటే దానికీ రేడియేటర్‌కీ మధ్య బయటికి కనిపించకుండా చాప కట్టినట్టు ఉంటుంది. ఇంజన్ వైపు నుంచి నెమ్మదిగా నీళ్లు కొట్టించండి. లోపల బోరు నీళ్లు పోస్తుంటే మానేయండి, ఆ ఉప్పు లోపల గడ్డకడుతుంది. డిస్టిల్డ్ వాటరూ కూలెంటూ సగం సగం. సగం బండ్లకి అక్కడితోనే వేడి తగ్గుతుందని మా మెకానిక్ అంటాడు, నాకూ అలాగే అనిపిస్తుంది.

బిగించడానికి విజయవాడ ఆటోనగర్ దాకా పోనక్కర్లేదు. ట్రాక్టర్లూ లారీలూ వైరింగ్ చేసే మంచి ఎలక్ట్రీషియన్ దగ్గరలోనే ఉంటాడు. పని ఒప్పుకునేముందు రెండు అడగండి: ఎర్త్ ఎక్కడ ఇస్తావు, ఫ్యూజ్ ఎక్కడ పెడతావు. తడుముకోకుండా చెబితే బండి ఇవ్వండి. పని అయ్యాక సెండర్ మీద, డబ్బా మీద ఉన్న నంబర్లు ఫోటో తీసి ఉంచుకోండి, రేపు సెండర్ పోతే కొట్టువాడికి చూపించాల్సింది అదే.