ప్రింట్ చేసుకునే డిస్కు కొనేటప్పుడు కింది మెరుపు కాదు, పై పొర చూడండి

"ఇంట్లో రికార్డ్ చేసిన పాటలు సీడీల్లో వేసి బంధువులకి ఇద్దామనుకుంటున్నాను. పైన బొమ్మ, పేర్లు ప్రింట్ చేసుకోవడానికి మ్యాట్ డిస్కులు మంచివా, గ్లాసీవా?" అని ఒకరు అడిగారు. పేర్లు మాత్రమే వేస్తే మ్యాట్ (మెరుపు లేని పూత) తీసుకోండి. ఫొటో కూడా వేస్తే, తడి తగిలినా చెదరదని రాసున్న గ్లాసీ (మెరిసే పూత) తీసుకోండి. అడిగినదానికి జవాబు ఇంతే. కానీ ఇంతటితో ఆపితే, రెండూ ఎందుకులే అని మామూలు డిస్కులూ అంటించే స్టికర్లూ తెచ్చుకుంటారేమోనని నా భయం. అందుకే మా ఇంటి సంగతి చెప్తాను.

మా పెద్దమ్మ బాగా పాడుతుంది. బాబాయి దగ్గర స్టీరియోకి తగిలించుకునే సీడీ రికార్డర్ ఒకటి ఉండేది. కంప్యూటర్ అక్కర్లేదు, మైకులో పాడితే నేరుగా డిస్కు మీదికే ఎక్కేది. దాని తిక్క ఏంటంటే మామూలు సీడీ-ఆర్ (ఒక్కసారి రాసుకునే ఖాళీ సీడీ) పెడితే ఒప్పుకోదు, పెట్టె మీద 'మ్యూజిక్' అని రాసున్నదే కావాలి. పాట వినడంలో రెండిటికీ తేడా ఏమీ ఉండదు, 'ఇది మ్యూజిక్ డిస్కు' అని రికార్డర్‌కి చెప్పే గుర్తు ఒకటి లోపల ఉంటుంది, అంతే. ఇంట్లో కాపీలు తీసుకునేవాళ్ళ నుంచి సంగీతం వాళ్ళకి కొంత సొమ్ము చేరాలని పెట్టిన ఏర్పాటు అది. అమెరికాలో అయితే 1992లో దీనికోసం చట్టమే చేశారు. కంప్యూటర్ డ్రైవ్‌కి ఈ పట్టింపు లేదు, ఏ సీడీ-ఆర్ అయినా రాస్తుంది. కాబట్టి మీరు కంప్యూటర్‌లో రాస్తుంటే 'మ్యూజిక్' అన్న మాటకి ఎక్కువ డబ్బులు పెట్టకండి.

పెద్దమ్మ పాటలు అలా డిస్కుకెక్కాయి. బాబాయికి అందం పిచ్చి. పూలూ వీణా ఉన్న గుండ్రటి కాగితం స్టికర్ ప్రింట్ తీసి, చేత్తోనే అంటించాడు. కొత్తలో నిజంగానే బాగుంది. కొన్నాళ్ళకి ఒక పక్క అంచు లేచింది, మధ్యలో గాలి బుడగ వచ్చింది. ఒకసారి చుట్టాలంతా చేరినప్పుడు అందరికీ వినిపిద్దామని కంప్యూటర్‌లో పెడితే, పాట మొదలవ్వలేదు సరికదా, డ్రైవ్ మిక్సీలా అరవడం మొదలెట్టింది. కాగితం ఒక పక్కకి బరువైతే వేగంగా తిరిగే డిస్కు ఊగుతుంది మరి. బాబాయి బయటికి తీసి, "ఈ కాగితం పీకేస్తే సరి" అంటూ గోటితో అంచు పట్టుకుని లాగాడు.

కాగితం వచ్చింది, దాంతోపాటు వెండి పొర కూడా వచ్చింది. ట్యూబ్‌లైట్‌కి అడ్డం పెట్టి చూస్తే అవతల గోడ కనిపిస్తోంది. పెద్దమ్మ ఆ కాగితాన్ని చేతిలోకి తీసుకుని తిరగేసి చూసి, "అంటే నా పాట ఇప్పుడు దీని మీదుందా?" అంది. అందరూ నవ్వారు గానీ ఆవిడ అన్నదాంట్లో తప్పేం లేదు. పాట ఆ కాగితానికే అంటుకుపోయింది. బాబాయి మాత్రం ఇప్పటికీ జిగురు నాసిరకం అనే అంటాడు. అదృష్టం కొద్దీ దాని కాపీ ఒకటి మా అక్క దగ్గర ఉంది. దాని మీద ఏ బొమ్మా లేదు, సీడీ మార్కర్‌తో వంకరటింకరగా 'అమ్మ' అని రాసుంది. అది శుభ్రంగా పాడింది.

ఇలా ఎందుకైందో తెలిస్తే డిస్కు ఎలా కొనాలో సగం తెలిసినట్టే. సీడీ మందం 1.2 మిల్లీమీటర్లు. అందులో దాదాపు అంతా కింది వైపున్న ప్లాస్టిక్కే. లేజర్ రాసే రంగు పొర, వెలుగుని వెనక్కి కొట్టే పల్చటి లోహపు పొర, రెండూ పైనే, లేబుల్‌కి ఆనుకుని ఉంటాయి. వాటికి రక్ష వార్నిష్ లాంటి సన్నటి పూత ఒక్కటే. జనం కింది మెరుపుని పసిపాపలా చూసుకుంటూ, డిస్కుని బోర్లించి బల్ల మీద పడేస్తారు, పైన బాల్‌పెన్నుతో పేరు చెక్కుతారు. కింద గీత పడితే చాలాసార్లు పాలిష్ చేసి బతికించొచ్చు, పైన పడితే ఇక అంతే. డీవీడీలో ఈ పొరలు 0.6 మిల్లీమీటర్ల రెండు ప్లాస్టిక్ బిళ్ళల మధ్య ఉంటాయి కాబట్టి కాగితం పీకినా డేటా ఊడిరాదు. కానీ స్టికర్ వేడికి ముడుచుకుని డిస్కుని వంచుతుంది, దానికీ వద్దు. కారులో నోట్లో పెట్టినట్టు లోపలికి లాక్కునే ప్లేయర్ ఉంటే అసలే వద్దు, అంచు లేచిందంటే లోపలే ఇరుక్కుంటుంది.

అందుకే స్టికర్ అక్కర్లేకుండా నేరుగా పైనే ప్రింట్ చేసుకునే ప్రింటబుల్ డిస్కే కొనమంటాను. అందం కోసం కాదు. ఆ వార్నిష్ మీద ప్రింట్ కోసం వేసే పూత అదనపు కవచం. ప్రింటర్ లేకపోయినా నేను అదే కొంటాను, మార్కర్ కూడా దాని మీదే బాగా పడుతుంది.

కొనేటప్పుడు పెట్టె మీద 'ఇంక్‌జెట్ ప్రింటబుల్' అని ఉందో లేదో చూడండి. 'థర్మల్ ప్రింటబుల్' అని వేరే రకం ఉంది, అది వేరే యంత్రాలకి. దాని మీద ఇంక్ పడితే చుక్కలు చుక్కలుగా నిలబడి తుడిస్తే పోతుంది. తర్వాత తెలుపా, వెండి రంగా? తెలుపే. మన ప్రింటర్లలో తెల్ల ఇంక్ ఉండదు కాబట్టి వెండి రంగు డిస్కు మీద ముఖాలు బూడిద పూసినట్టు వస్తాయి. 'హబ్ ప్రింటబుల్' అయితే మధ్య రంధ్రానికి దగ్గర దాకా, సుమారు 23 నుంచి 118 మిల్లీమీటర్ల వ్యాసం దాకా ప్రింట్ పడుతుంది. అది కాని డిస్కు అయితే మధ్యలో పెద్ద గుండ్రం ఖాళీగా పోతుంది. లేబుల్ ప్రింట్ చేసే సాఫ్ట్‌వేర్‌లో లోపలి వ్యాసం, బయటి వ్యాసం అని రెండు అంకెలు అడుగుతుంది, అవి మీ డిస్కుకి తగ్గట్టు మార్చకపోతే ఇంక్ పారదర్శకంగా ఉన్న ప్లాస్టిక్ మీద పడి చేతికి అంటుతుంది. ఇక ప్రింటర్ విషయం: డిస్కు పెట్టే ట్రే ఉన్నది కావాలి. ఎప్సన్‌లో, కెనాన్‌లో కొన్ని మోడళ్ళకే ఉంటుంది, అన్నిటికీ ఉందనుకోకండి.

బ్రాండ్ పేరు చూసి మురిసిపోవద్దు. ఒకే పేరుతో వచ్చే డిస్కులు వేర్వేరు ఫ్యాక్టరీల్లో తయారవుతాయి. సీడీ-ఆర్‌ని పుట్టించిన జపాన్ కంపెనీ తైయో యూడెన్ 2015లో ఈ వ్యాపారమే మానేసింది. ఇప్పటికీ పాత స్టాకు కోసం వెతికేవాళ్ళున్నారు, వాళ్ళ బాధ నాకు అర్థమవుతుంది. డీవీడీ అయితే ImgBurn లాంటి డిస్కులు రాసే ప్రోగ్రామ్‌లో పెట్టి చూస్తే తయారీదారు కోడ్ కనిపిస్తుంది. మొదట చిన్న ప్యాకెట్ కొని చూసి, నచ్చితే పెద్దది కొనండి.

ముందు రాయండి, మొదటి నుంచి చివరి దాకా విని సరిచూసుకోండి, ఆ తర్వాతే ప్రింట్ చేయండి. అలా చేస్తే చెడిపోయిన డిస్కు మీద ఇంక్ దండగ అవ్వదు, ట్రేలో పెట్టి తీసేటప్పుడు అంటుకునే దుమ్మూ వేలిముద్రలూ రాతకి అడ్డం రావు. ప్రింట్ అయ్యాక ఒక రోజంతా ఎండ తగలని చోట విడివిడిగా ఆరనివ్వండి. పైకి ఆరినట్టు కనిపించినా పూత లోపల తడి ఉంటుంది, వెంటనే దొంతర పెట్టడం, కవర్లో దూర్చడం వద్దు. మ్యాట్ మీద ఆరిన తర్వాత కూడా తడి వేలు పెడితే రంగు అంటుతుంది. ఫొటో వేసేవాటికి గ్లాసీ అన్నది అందుకే.

ఇక అసలు గోడు. ఈ లేబుల్ ప్రోగ్రామ్‌లు తయారు చేసినవాళ్ళకి తెలుగు అంటూ ఒకటుందని ఎవరూ చెప్పినట్టు లేదు. పేరుని గుండ్రంగా తిప్పి రాయమంటే చాలావాటిల్లో ప్రతి అక్షరాన్నీ విడదీసి పెడతాయి. వత్తులు ఒక దిక్కు, గుడులు ఒక దిక్కు. 'లక్ష్మి' అని కొడితే ముక్కలు ముక్కలుగా వస్తుంది. తిప్పకండి. రంధ్రానికి పైన ఒక వరుస, కింద ఒక వరుస తిన్నగా రాయండి. తిప్పాలని పట్టుదలగా ఉంటే వేరే బొమ్మల ప్రోగ్రామ్‌లో తయారు చేసి, దాన్ని ఫొటోగా తెచ్చి పెట్టండి.

పైగా ఆ రెడీమేడ్ డిజైన్లు! మీ అమ్మ పాడిన పాటకి గిటారు బొమ్మ దేనికి? వాటర్‌ఫాల్ దేనికి? అవన్నీ వేసి, అసలు రాయాల్సింది మాత్రం 'సాంగ్స్ 2' అని రాస్తారు. ఎవరు పాడారు, ఏ సంవత్సరం, ఎవరింట్లో, మొత్తం ఎన్ని నిమిషాలు — ఇవి డిస్కు మీద ఉండాలి. ఆడియో సీడీలో 80 నిమిషాలకి మించి పట్టదు కాబట్టి రెండో డిస్కు ఉంటే ఆ సంగతి కూడా దీని మీదే వేయండి. పాటల జాబితా పట్టకపోతే డబ్బా లోపలి కాగితం మీద వేసుకోండి, అక్కడ మీ ఇష్టం, వాటర్‌ఫాల్ కూడా పెట్టుకోండి.