ఖరగ్‌పూర్ వెళ్ళనా, వైజాగ్‌లోనే ఉండనా?

ప్రశ్న: మేడమ్, మాది పలాస. నాన్న జీడిపిక్కల ఫ్యాక్టరీలో పని చేస్తారు, అమ్మ కూడా అక్కడే పప్పు ఒలుస్తుంది. సర్టిఫికెట్ ప్రకారం ఇంటి ఆదాయం ఏడాదికి 1 లక్షా 80 వేలు. బీసీలం. పది వరకు జడ్పీ హైస్కూల్లో, ఇంటర్ గురుకులంలో చదివాను. ఐఐటీ, ఎన్‌ఐటీ సీట్లు ఇచ్చే జోసా కౌన్సెలింగ్‌లో ఖరగ్‌పూర్ ఐఐటీలో మెటలర్జీ, అంటే లోహాల ఇంజినీరింగ్ వచ్చింది. ఇక్కడైతే ఆంధ్రా యూనివర్సిటీలో కంప్యూటర్ సైన్స్ వచ్చేలా ఉంది. మావయ్య ‘మెటలర్జీ చదివి ఏ కొలిమి దగ్గర నిలబడతావు, వైజాగ్‌లో సీఎస్ఈ చేసుకో’ అంటున్నాడు. పిన్ని కొడుకు ‘అమ్మాయిల కోటా సీటేగా’ అన్నాడు. నాకు హిందీ రాదు, ఇంగ్లిష్ చదివితే అర్థమవుతుంది గానీ మాట్లాడలేను. అంత దూరం వెళ్ళి వెనకబడిపోతానేమోనని టెన్షన్‌గా ఉంది. ఏం చేయమంటారు?

జవాబు: వెళ్ళు తల్లీ. ఎందుకు వెళ్ళమంటున్నానో, అక్కడ నీకు ఏం కష్టం రావచ్చో రెండూ చెబుతాను, దాచను.

ముందు ఆ కోటా మాట తేల్చేద్దాం. 2018 నుంచి ఐఐటీల్లో అమ్మాయిలకు ఇస్తున్నవి అదనపు సీట్లు, అంటే ఉన్నవాటిలోంచి ఎవరి సీటూ తీసి ఇచ్చినవి కావు. అంతకుముందు ఐఐటీల్లో చేరేవాళ్ళలో పదిమందికి ఒక అమ్మాయి కూడా ఉండేది కాదు, దాన్ని 20 శాతానికి తేవాలని ఈ ఏర్పాటు చేశారు. నువ్వు కూడా అందరూ రాసిన జేఈఈ అడ్వాన్స్‌డ్ పేపరే రాశావు, గురుకులంలో చదివి ఆ ర్యాంకు తెచ్చుకున్నావు. మీ పిన్ని కొడుకుతో వాదన పెట్టుకోకు, ఆ మాటను నీతో పాటు రైలెక్కించకు కూడా.

ఇక అసలు విషయం. పెద్ద కాలేజీ పేరు అందరికీ ఒకేలా ఉపయోగపడదు. అమెరికాలో స్టేసీ డేల్, అలన్ క్రూగర్ అనే ఇద్దరు 2002లో ఒక అధ్యయనం ప్రచురించారు. పేరున్న యూనివర్సిటీలో సీటొచ్చి కూడా మామూలు కాలేజీలో చేరినవాళ్ళ సంపాదన, ఆ పెద్ద కాలేజీలోనే చేరినవాళ్ళతో దాదాపు సమానంగానే ఉందని తేల్చారు. తెలివీ పట్టుదలా పిల్లల్లో ఉంటే కాలేజీ పేరు పెద్దగా కలిపేదేమీ లేదన్నమాట. కానీ పేదింటి పిల్లల విషయంలో అలా కాలేదు, పేరున్న చోట చదివిన వాళ్ళకు లాభం స్పష్టంగా కనిపించింది. అమెరికా లెక్క మనకు అచ్చంగా అతకకపోవచ్చు గానీ, నాకు మాత్రం ఇందులో నీ సంగతే కనిపిస్తోంది. డాక్టరు గారి అబ్బాయికి ఉద్యోగం కావాలంటే నాన్న నలుగురికి ఫోన్ చేస్తాడు, ఏ కోర్సు మంచిదో చెప్పే అన్నయ్య ఒకడు ఏ డల్లాస్‌లోనో ఉంటాడు. మీ నాన్నకు అలా ఫోన్ చేయడానికి ఎవరూ లేరు. ఆ ఫోన్లు చేసే సీనియర్లు, రికమండేషన్ లెటర్ రాసిచ్చే ప్రొఫెసర్లు, పైచదువుకు అప్లై చేస్తుంటే పక్కన కూర్చుని దిద్దిపెట్టే స్నేహితులు నీకు అక్కడ దొరుకుతారు. ఆంధ్రా యూనివర్సిటీని తక్కువ చేయడం లేదు, అక్కడ చదివి గొప్పవాళ్ళయినవాళ్ళు ఎంతోమంది. కానీ అక్కడ ఇవన్నీ నీ అంతట నువ్వు వెతుక్కోవాలి.

డబ్బు గురించి అంత భయం వద్దు. ఐఐటీలో ట్యూషన్ ఫీజు ఏడాదికి 2 లక్షలు. ఆదాయం లక్ష నుంచి 5 లక్షల లోపు ఉన్నవాళ్ళకు అందులో మూడింట రెండు వంతులు మాఫీ, అంటే నువ్వు కట్టేది సుమారు 67 వేలు. హాస్టల్, మెస్, ప్రయాణాలు వేరే. వీటికి పీఎం విద్యాలక్ష్మి కింద హామీదారు లేకుండానే బ్యాంకు లోను ఇస్తుంది, మీ ఆదాయానికి చదువుకునే కాలంలో వడ్డీ రాయితీ కూడా ఉంటుంది. ఆదాయ ధ్రువపత్రం, బీసీ నాన్ క్రీమీలేయర్ సర్టిఫికెట్ ఈ ఏడాదివి ఉన్నాయో లేదో రేపే చూసుకో. సీటు కన్ఫర్మ్ చేసుకునే డబ్బు చివరి రోజు సాయంత్రం కట్టొచ్చులే అనుకోవద్దు. 2024లో ఉత్తరప్రదేశ్‌లో ఒక కూలీ గారి అబ్బాయి 17,500 రూపాయలు గడువు లోపల కట్టలేక ధన్‌బాద్ ఐఐటీ సీటు పోగొట్టుకున్నాడు, సుప్రీంకోర్టు దాకా వెళ్తే గానీ ఆ సీటు తిరిగి రాలేదు.

మీ మావయ్య చెప్పిన దాంట్లో ఒక్కటి మాత్రం కొట్టిపారేయను. నీకు ప్రోగ్రామింగ్ అంటే ప్రాణం, వేరేది చదవనే లేనంటే వైజాగ్ సీఎస్ఈ తప్పు నిర్ణయం కాదు. ఐఐటీలో చేరాక బ్రాంచి మార్చుకోవచ్చులే అనుకుని మాత్రం వెళ్ళకు, కొన్ని ఐఐటీల్లో ఆ దారి మూసేశారు, తెరిచి ఉన్నచోట కూడా పైమార్కులు వచ్చిన కొద్దిమందికే. నీ ఉత్తరంలో మెటలర్జీ ఇష్టం లేదన్న మాట ఎక్కడా లేదు, భయం ఉంది అంతే. ఉక్కు, బ్యాటరీలు, చిప్‌లు, విమానాల ఇంజిన్లు అన్నిటి వెనకా ఆ చదువే ఉంది. సాఫ్ట్‌వేర్ వైపు వెళ్ళాలనిపిస్తే అన్ని బ్రాంచిల వాళ్ళనూ ఇంటర్వ్యూకి పిలిచే కంపెనీలూ వస్తాయి, కాకపోతే గ్రేడ్లు బాగుండాలి. కోటి రూపాయల ప్యాకేజీ వార్తలు మాత్రం నమ్మకు. అవి ఏ కొందరివో, 2023-24లో ఐఐటీల్లో కూడా ప్లేస్‌మెంట్లు తగ్గి చాలామంది పిల్లలు ఇబ్బందిపడ్డారు.

ఇప్పుడు కష్టం సంగతి. ఇన్నాళ్ళూ క్లాసులో నువ్వే ఫస్టు, అక్కడ అందరూ ఫస్టులే. మొదటి సెమిస్టర్‌లో మార్కులు చూసి ‘నేను ఇక్కడికి తగను’ అనిపించవచ్చు. అది నీ ఒక్కదానికే అనిపిస్తోందనుకుని గదిలో కూర్చుని ఏడుస్తూ ఉండిపోవడమే ప్రమాదం. మంచి చదువరులైన పిల్లలు నోరు విప్పి చెప్పుకోలేక ప్రాణాలు తీసుకున్న వార్తలు చదివినప్పుడల్లా నాకు కడుపు తరుక్కుపోతుంది. అర్థం కాకపోతే రెండో వారంలోనే సీనియర్‌ని అడుగు, కౌన్సెలింగ్ సెంటర్ ఎక్కడుందో చేరిన రోజే కనుక్కో, మనసు బాగోకపోతే వెళ్ళు. భరించలేనంత అయితే ఇంటికొచ్చేయ్, సీటు కంటే నువ్వు ఎక్కువ అని మీ అమ్మానాన్నల చేత ముందే అనిపించుకో. మరీ దారి తోచని రోజు 14416కి, అంటే టెలీ మానస్‌కి ఫోన్ చెయ్యి, డబ్బులు తీసుకోరు, తెలుగులో మాట్లాడతారు.

భాష గురించి అంత బెంగ వద్దు. అక్కడ తెలుగువాళ్ళు బోలెడుమంది, ఐఐటీల్లో మనవాళ్ళని ‘గుల్టీలు’ అని పిలవడం ఎప్పటినుంచో ఉంది. మొదట్లో వాళ్ళతోనే తిరుగు, ధైర్యంగా ఉంటుంది. కానీ నాలుగేళ్ళూ ఆ గుంపులోనే ఉండిపోతే హిందీ రాదు, ఇంగ్లిష్ మాట్లాడటం రాదు, నేను పైన చెప్పిన పరిచయాలూ ఏర్పడవు. దూరమంటావా, పలాస, ఖరగ్‌పూర్ రెండూ హౌరా-చెన్నై మెయిన్ లైన్ మీదే ఉన్నాయి, రైలు మారే పని లేదు. అయినా కొన్ని పండగలకు, పెళ్ళిళ్ళకు రాలేవు, అమ్మకు ఒంట్లో బాగోలేదని ఫోన్‌లో వినాల్సి వస్తుంది. దానికి ఏ స్కాలర్‌షిప్పూ లేదు. అది నువ్వు ఒప్పుకుని వెళ్ళాల్సిందే.

ప్రశ్న: మేడమ్, మాది హైదరాబాద్, ఇద్దరం సాఫ్ట్‌వేర్‌లోనే ఉన్నాం. మా వాడికి వరంగల్ ఎన్‌ఐటీలో ఈసీఈ వచ్చింది. ఒక ఏడాది లాంగ్ టర్మ్ పెట్టిస్తే ఐఐటీ గ్యారంటీ అని కోచింగ్ వాళ్ళు అంటున్నారు. వాడు మాత్రం వద్దంటున్నాడు. ఎలా ఒప్పించాలి?

జవాబు: ఒప్పించకండి. పలాస అమ్మాయికి ఇచ్చిన జవాబు ఒకసారి చదవండి, ఆ అమ్మాయికి కాలేజీ పేరు ఇచ్చేవాటిలో చాలావరకు మీ అబ్బాయికి మీ ఇంట్లోనే ఉన్నాయి. పైగా మీ వాడికి వచ్చింది చిన్న సీటేమీ కాదు. అడ్వాన్స్‌డ్ వరుసగా రెండేళ్ళే రాయనిస్తారు, అంటే వాడికి మిగిలింది ఒక్క ఛాన్సు. అది తప్పితే వచ్చే ఏడాది జేఈఈ మెయిన్ ర్యాంకుతో ఇదే ఎన్‌ఐటీ కూడా వస్తుందన్న నమ్మకం లేదు. గ్యారంటీ అన్న ఆ కోచింగ్ వాళ్ళను, ర్యాంకు రాకపోతే ఫీజు మొత్తం వెనక్కిస్తామని కాగితం మీద రాసిమ్మని అడగండి. ఇంకా ముఖ్యంగా, వద్దంటున్నది ఏడాదంతా ఆ గదిలో కూర్చోవాల్సిన పిల్లాడు. వాడి కారణాలు ఏమిటో మీ ఉత్తరంలో ఒక్క ముక్క కూడా లేదు. అడిగి చూశారా? అడగకపోతే ఈ వారంలోనే అడగండి, వరంగల్‌లో రిపోర్ట్ చేసే తేదీ దాటకముందే.