మారుతి 800 ఇంజన్ ఇంటి దగ్గరే దించి మళ్లీ ఎక్కించుకోవచ్చా అంటే... నేను చేశా, వినండి

మీరు అడిగింది ఇదీ కదా: నాన్నగారి పాత కార్బొరేటర్ 800, సైలెన్సర్ లోంచి నీలం పొగ, మెకానిక్ బానెట్ ఎత్తకుండానే "ఇంజన్ దించాల్సిందే" అన్నాడు, మీకేమో పానాలు పట్టుకోవడం సరదా, కాబట్టి ఇంటి దగ్గరే దించి, బోరింగ్ పని (అరిగిన సిలిండర్ లోపల కాస్త కోసి నున్న చేయడం) బయట చేయించి, మళ్లీ మీరే ఎక్కించుకోవచ్చా, ఎన్ని రోజులు పడుతుంది అని.

ఎక్కించుకోవచ్చు. మాది 1997 మోడల్, 2016 జనవరిలో నేనూ మా బావమరిదీ కలిసి గుడివాడలో మా ఇంటి ముందే దించాం. మూడు రోజుల్లో అయిపోద్ది అని ఇంట్లో చెప్పి మొదలుపెడితే పదకొండు రోజులు పట్టింది. అందులో ఇంజన్ గాల్లోకి లేపడానికి పట్టుమని అరగంట కూడా పట్టలేదు. అందరూ బరువు గురించే భయపడతారు గానీ మూడు సిలిండర్ల 796 సీసీ ఇంజన్ అది, దాని బరువు పెద్ద విషయం కాదు, ఏ వైరు ఎక్కడిది ఏ బోల్టు ఎక్కడిది అన్నదే అసలు పని. ఆ ఒక్కటి తిన్నగా చేసుకుంటే మిగతాదంతా ఒళ్లు నొప్పులే.

అయితే దించే ముందు అసలు దించాలా వద్దా చూసుకోండి. నీలం పొగ అంటే ఆయిల్ మండుతోందని, అంతవరకు మీ మెకానిక్ చెప్పింది కరెక్టే, కానీ ఆయిల్ సిలిండర్లోకి రెండు దారుల్లో వస్తుంది, పిస్టన్ చుట్టూ ఉండే రింగులు అరిగితే కింద నుంచి, వాల్వుల దగ్గర ఆయిల్ ఆపే రబ్బరు సీల్స్ గట్టిపడిపోతే పైనుంచి. పొద్దున్నే స్టార్ట్ చేయగానే ఒక్కసారి గుప్పున వచ్చి తర్వాత తగ్గిపోతే సీల్స్ మీద అనుమానపడాలి. గేర్లో గట్టిగా లాగుతున్నప్పుడు వెనక బండివాడు తిట్టుకునేంత వస్తే రింగులు. సీల్స్ మార్చడానికి ఇంజన్ దించక్కర్లేదు, పైపైన పని అది.

తేల్చుకోవడానికి కంప్రెషన్ గేజి, అంటే సిలిండర్లో గాలి ఒత్తిడి కొలిచేది, ఒకటి అరువు తెచ్చుకోండి. ఇంజన్ వేడెక్కాక మూడు ప్లగ్గులూ తీసేసి, కాయిల్ నుంచి వచ్చే లావు వైరు పీకి బాడీకి ఎర్త్ చేసి, ఎక్స్‌లేటర్ పూర్తిగా నొక్కి సెల్ఫ్ కొట్టి ఒక్కో సిలిండర్ రీడింగ్ రాసుకోవాలి. తర్వాత ఒక్కోదాంట్లో చెంచాడు ఇంజనాయిలు పోసి మళ్లీ అదే పని. ఆయిల్ పోశాక రీడింగ్ బాగా పెరిగిందంటే బోరు (సిలిండర్ లోపలి గోడ), రింగులు అరిగినట్టు. పోసినా కదలకపోతే గాలి వాల్వుల దగ్గరో హెడ్ గాస్కెట్ దగ్గరో పోతోంది. రెండుసార్లూ మూడూ బాగానే ఉండి, అయినా పొగ వస్తుంటే సీల్సే అయ్యుంటాయి. మాదాంట్లో రెండు సిలిండర్లు బాగా కిందకుండి ఆయిల్ పోయగానే లేచాయి, అందుకే దించా. సరదాకి కాదు.

ఇక విప్పడం. ముందు బ్యాటరీ నెగటివ్ తీసేయండి, తర్వాత మొత్తం బ్యాటరీయే బయట పెట్టేయండి. రేడియేటర్ నీళ్లు, ఇంజనాయిలు, గేర్ ఆయిలు మూడూ దించేయాలి. గేర్ ఆయిలు ఎందుకులే అని నేను వదిలేశా, యాక్సిల్ పీకగానే గేర్‌బాక్స్ లోంచి మొత్తం మా గచ్చు మీదకి వచ్చేసింది, అసలే ధనుర్మాసం, అమ్మ రోజూ ముగ్గేసే చోటు. ఆ మరక ఇప్పటికీ ఉంది. బానెట్ విప్పేటప్పుడు హింజిల చుట్టూ మార్కర్‌తో గీత గీసుకోండి, లేకపోతే తిరిగి పెట్టాక ఒక పక్క సందు ఎక్కువ ఒక పక్క తక్కువ వచ్చి చూసినప్పుడల్లా మనసు పాడవుద్ది. పెట్రోల్ పైపు పీకిన వెంటనే దాంట్లో సరిపోయే బోల్టు ఒకటి బిగించేయండి, ఆ పక్కన బీడీ, సిగరెట్ ఎవర్నీ కాల్చనివ్వొద్దు, చూడ్డానికొచ్చిన పెదనాన్నల్ని కూడా.

తర్వాత ఎయిర్ క్లీనర్, రేడియేటర్, హీటర్ పైపులు, బ్రేక్ బూస్టర్ గాలి పైపు, ఎక్స్‌లేటర్ కేబుల్, చోక్ కేబుల్, క్లచ్ కేబుల్, స్పీడోమీటర్ కేబుల్, గేర్ రాడ్, సెల్ఫ్ వైర్లు, డైనమో వైర్లు, టెంపరేచర్, ఆయిల్ ప్రెషర్ వైర్లు, ఇలా పోతూనే ఉంటాయి. ప్రతిదానికీ రెండు కొనలకీ తెల్ల టేపు చుట్టి ఒకే నంబర్ రాయండి. విప్పేముందు ఫొటో తీయండి, దగ్గర్నుంచి ఒకటి, కాస్త దూరం నుంచి ఒకటి. దగ్గర ఫొటోలు మాత్రమే తీస్తే వారం తర్వాత ఆ బోల్టు ఏ మూలదో మీకే తెలీదు, నా ఫోన్లో అలాంటివి నలభై ఉన్నాయి, అన్నీ జిడ్డు తప్ప ఏమీ కనపడవు.

బోల్టులకి నేను చేసిన ఏర్పాటు మాత్రం నాకు ఇప్పటికీ నచ్చుద్ది. అటక మీద పాత ఇడ్లీ రేకులు ఉన్నాయి, కాళ్లు ఊడిపోయినవి, నాలుగు రేకులు, రేకుకి నాలుగు గుంటలు. ఒక్కో గుంటలో ఒక్కో చోటి బోల్టులు, వాషర్లు వేసి పక్కన చాక్‌పీస్‌తో రాసుకున్నాం, సెల్ఫ్, మౌంటింగ్ ఎడమ, మౌంటింగ్ కుడి, గేర్‌బాక్స్ పైవి, గేర్‌బాక్స్ కిందవి అని. గేర్‌బాక్స్ బోల్టులు అన్నీ ఒకే పొడుగు ఉండవు కాబట్టి ఇది చాలా పనికొచ్చింది. అమ్మ చూసి "ఆ రేకుల్లో ఇక ఇడ్లీ పొయ్యను, మీరే తినండి ఆ నట్లు" అంది. ఈ ఇడ్లీ రేకుల సంగతి గుర్తుపెట్టుకోండి, మళ్లీ వస్తా దీని దగ్గరికి.

సైలెన్సర్ పైపు నట్లు ముందురోజు రాత్రే తుప్పు వదిలే ఆయిలు కొట్టి ఉంచండి. తొందరపడి పొడుగు పైపు వేసి తిప్పితే స్టడ్ విరిగి మానిఫోల్డ్‌లో ఉండిపోద్ది, అప్పుడు డ్రిల్లు, ట్యాపు అని ఇంకో రోజు పోద్ది. కారు కింద దూరేటప్పుడు జాకీ ఒక్కదాన్నే నమ్మొద్దు, ఇటుకలు అస్సలు వద్దు, స్టాండ్లు పెట్టండి.

లేపడానికి పక్కింటాయన వేపచెట్టు కొమ్మ చూపించాడు. పల్లెల్లో చేస్తారు, నేనూ చూశా, కానీ కొమ్మ ఎప్పుడు విరుగుద్దో కొమ్మకే తెలీదు. బోరుబావి మోటార్లు బయటికి లాగేవాళ్ల దగ్గర మూడుకాళ్ల ఇనప స్టాండూ చైన్ బ్లాకూ ఉంటాయి కదా, అది ఒక రోజుకి అద్దెకి తెచ్చా. బోరు లోంచి అంత పొడుగు పైపుల్తో సహా మోటారు లాగే సామాను, 800 ఇంజన్ దానికి లెక్కే కాదు. ఇంజన్‌కి రెండు వైపులా గట్టి చోట్ల గొలుసు బోల్టులతో బిగించాం, తాడు వాడలేదు. కాస్త బరువు గొలుసు మీద పడ్డాక అప్పుడు మౌంటింగ్‌లు విప్పాలి, ముందే కాదు. ఇంజన్, గేర్‌బాక్స్ కలిపే పైకి తీశాం. నాలుగు వేళ్లు లేపాక ఆగి చుట్టూ తిరిగి చూడండి, ఎక్కడో ఒక వైరు తప్పకుండా మిగిలిపోయి ఉంటుంది. మాకు రివర్స్ లైటు స్విచ్ వైరు. లేచాక ఇంజన్ని కదపొద్దు, కారునే వెనక్కి తోసేయండి, వేలాడే ఇంజన్ కింద కాలూ చెయ్యీ పెట్టొద్దు.

బయటికి తీశాక గేర్‌బాక్స్ విడదీసి ఇంజన్ని టాటా ఏస్‌లో వేసుకుని విజయవాడ ఆటోనగర్ పోయా. అక్కడ పని గురించి ఎక్కువ చెప్పను, లేత్ వాళ్ల పని వాళ్లకి తెలుసు. ఒక్కటే, ముందు పిస్టన్లు కొనుక్కుని, ఆ పిస్టన్లు వాళ్ల చేతిలో పెట్టి దానికి తగ్గట్టు బోరింగ్ చేయమనండి, 0.25 మిల్లీమీటర్లు సరిపోద్దా 0.50 ఓవర్‌సైజుకి పోవాలా అన్నది అరుగుదల కొలిచి వాళ్లే చెప్తారు. ఎలాగూ బయటే ఉంది కాబట్టి టైమింగ్ బెల్టు, వాటర్ పంపు, క్లచ్ ప్లేటు, ఫ్లైవీల్ వెనక ఆయిల్ సీలు, యాక్సిల్ సీళ్లు, మౌంటింగ్ రబ్బర్లు మార్చేయండి. ఆ వెనక సీలు చిన్న రబ్బరు ముక్కే గానీ తర్వాత కారిందంటే దానికోసం గేర్‌బాక్స్ మళ్లీ దించాలి.

ఎక్కించడంలో నాకు చుక్కలు చూపించింది గేర్‌బాక్స్ కలపడం. ఇంజన్నీ గేర్‌బాక్స్‌నీ నేల మీదే కలపాలి కదా, షాఫ్టు క్లచ్ ప్లేటులోకి పోతుంది, ఇంకో అంగుళం ఉందనగా ఆగిపోద్ది. పొద్దున్న తొమ్మిది నుంచి భోజనాల దాకా అదే కుస్తీ. మా బావమరిది "బోల్టులు పెట్టి బిగిస్తే అదే లాక్కుంటది బావా" అన్నాడు, నాకూ అదే ఆశ పుట్టింది. దయచేసి చేయొద్దు, అల్యూమినియం కేసింగ్ అది, బోల్టు పట్టే చెవి విరిగిందంటే గేర్‌బాక్స్ కేసింగే కొనుక్కోవాలి. చివరికి ప్రెషర్ ప్లేటు మళ్లీ విప్పి చూస్తే క్లచ్ ప్లేటు మధ్యకి లేదు, వెంట్రుకవాసి కిందకి జారింది. ఒక పాత స్క్రూడ్రైవర్ కట్టె పిడికి టేపు చుట్టి చుట్టి ప్లేటు బొక్కలో బిగుతుగా పట్టేలా చేసి, దాని రెండో కొన క్రాంక్ మధ్య బొక్కలో కూర్చోబెట్టి, అప్పుడు ప్రెషర్ ప్లేటు బిగించాం. ఈసారి గేర్‌బాక్స్ తోస్తే "టుక్" మని కూర్చుంది, నిమిషం పట్టలేదు. అప్పటిదాకా నేను ఆ గేర్‌బాక్స్‌ని తిట్టిన తిట్లు ఇక్కడ రాయలేను. యాక్సిళ్లు కూడా అంతే, లోపలికి తోసినప్పుడు క్లిప్పు పడిన శబ్దం వినపడాలి, వినపడకపోతే కూర్చోనట్టే. మౌంటింగ్ బోల్టులు ముందు అన్నీ వదులుగా పెట్టుకుని ఇంజన్ తన చోట సర్దుకున్నాక చివర్లో బిగించండి.

ఇప్పుడు ఇడ్లీ రేకులు. పదోరోజు సాయంత్రానికి గుంటలన్నీ ఖాళీ. ఒక్క నట్టు మిగల్లేదు, నాకు ఎంత గర్వం అంటే నాన్నని పిలిచి మరీ చూపించా. ఆయన వచ్చి సీట్లో కూర్చుని తాళం తిప్పారు. సెల్ఫ్ నీరసంగా "గ్ర్" అని ఆగింది. బ్యాటరీ దిగిందేమో ఇంకోసారి కొట్టండి అన్నా. మళ్లీ కొట్టారు. ప్లాస్టిక్ కాలిన వాసన. చూస్తే చోక్ కేబుల్ మీద నల్ల తొడుగు మెత్తబడి సన్నగా పొగ వస్తోంది, ముట్టుకుంటే వేలు కాలింది. నాన్న తాళం పీకేసి దిగి "ఏం వదిలేశావురా" అన్నారు.

వదిలేసింది ఎర్త్ పట్టీ. గేర్‌బాక్స్ నుంచి బాడీకి పోయే అల్లిన రాగి పట్టీ, జానెడు ఉంటుంది. అది ఇడ్లీ గుంటలో పట్టదు కదా, అందుకని కిటికీ మేకుకి తగిలించా. రేకులు ఖాళీ అయ్యేసరికి పని అయిపోయిందనుకున్నా. ఇంజన్ కూర్చునేది రబ్బరు మౌంటింగ్‌ల మీద, రబ్బరులో కరెంటు పోదు, సెల్ఫ్ లాగే అంత కరెంటూ బ్యాటరీకి తిరిగి పోవడానికి దారి వెతుక్కుని సన్నటి చోక్ కేబుల్ తీగలోంచి పోయింది. నయం, కార్బొరేటర్ పక్కనే పెట్రోల్ కారుతూ లేదు. కాబట్టి బోల్టులకి రేకులు పెట్టుకోండి గానీ వాటిలో పట్టని సామాన్లకి కాగితం మీద లిస్టు విడిగా రాసుకోండి, తాళం తిప్పేముందు ఆ పట్టీని ఒకసారి చేత్తో పట్టుకుని చూడండి.

మర్నాడు కొత్త కేబుల్ వేసి, పట్టీ రెండు కొనలూ ఉప్పుకాగితంతో రుద్ది బిగించి మొదలుపెట్టాం. కొత్తగా బోరు చేసిన ఇంజన్ని వెంటనే స్టార్ట్ చేయొద్దు, ప్లగ్గులు తీసి సెల్ఫ్ కొన్ని సెకన్లు కొట్టి ఆపి, మళ్లీ కొట్టి, డాష్‌లో ఆయిల్ లైటు ఆరేదాకా తిప్పండి. ప్లగ్ వైర్లు సిలిండర్లు మండే 1-3-2 వరసలో పెట్టాలి, తప్పితే కార్బొరేటర్ లోంచి టపాకాయలే. స్టార్ట్ అయ్యాక రేడియేటర్ మూత తీసి ఉంచి గాలి బుడగలు పోయేదాకా నీళ్లు పోస్తూ ఉండండి, కింద అట్టముక్క పరిస్తే ఎక్కడ కారినా తెలుస్తుంది. మొదటి అయిదారొందల కిలోమీటర్లు గట్టిగా లాగకుండా తిప్పి ఆయిలు మార్చేశాం.

ఇంకోటి, ఆటోనగర్లో ఎవరైనా "బోరింగ్ ఎందుకండీ, మంచి సెకండ్‌హ్యాండ్ ఇంజన్ ఉంది వేసేస్తా" అంటే తొందరపడకండి. ఇంజన్ నంబర్ ఆర్‌సీలో ఉంటుంది. మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 ప్రకారం ముందు అనుమతి లేకుండా ఇంజన్ మారిస్తే 14 రోజుల్లోపు మీరు ఉండే ప్రాంతపు రిజిస్ట్రేషన్ ఆఫీసుకి (ఆర్టీవో) చెప్పాలి. ఆ ఇంజన్ ఎక్కడ్నుంచి వచ్చిందో కాగితాలు లేకపోతే మీ మెడకి చుట్టుకునేది అదే.

ముందైతే కంప్రెషన్ చూడండి, ఆయిల్ పోయకముందు మూడు, పోశాక మూడు, మొత్తం ఆరు రీడింగులు ఇక్కడ పెట్టండి. అవి చూసి దించాలో, సీల్స్ మార్చి ఊరుకోవాలో చెప్తా.