హైదరాబాద్ నుంచి కారులో బెలుం గుహలకు: అమ్మని, పిల్లల్ని తీసుకెళ్లొచ్చా?

అరవై దాటిన అమ్మతో, ఎనిమిదేళ్ల బాబుతో గండికోట వెళ్తున్నామని, దారిలో నంద్యాల జిల్లాలోని బెలుం గుహల దగ్గర అరగంట ఆగితే చాలా అని, లోపల ఊపిరాడదంటున్నారు నిజమేనా అని అడిగారు. తప్పకుండా తీసుకెళ్లండి. అరగంట మాత్రం ఏ మూలకూ చాలదు, రెండు గంటలైనా పెట్టుకోండి.

మేం రెండేళ్ల కిందట డిసెంబర్‌లో వెళ్లాం. అమ్మకి 64, మా పాపకి తొమ్మిది. అమ్మకి మోకాళ్ల నొప్పులు, అందుకే నాకూ మీలాగే టెన్షన్. తెల్లవారుజామున ఐదింటికి బయల్దేరి కర్నూల్లో టిఫిన్ చేసి, ఓర్వకల్లు, పాణ్యం, బనగానపల్లె మీదుగా కొలిమిగుండ్ల వైపు వెళ్లాం. ఆ చుట్టుపక్కల రోడ్డు పక్కన ఎక్కడ చూసినా నాపరాళ్ల పలకలు దొంతరలు దొంతరలుగా పేర్చి ఉంటాయి. వాటిని చూస్తూ వెళ్లండి, లోపలికి దిగాక గుర్తొస్తాయి.

బొర్రా గుహల్లా కొండకి పెద్ద నోరు తెరుచుకుని ఉంటుందనుకుంటే పొరపాటు. ఇక్కడ కొండ లేదు. చదునైన నేలలో పాడుబడ్డ బావుల్లాంటి గోతులు, అందులో ఒకదాంట్లోంచి మెట్లు దిగాలి. పది మెట్లు దిగేసరికి నా కళ్లద్దాలు పూర్తిగా మసకబారిపోయాయి. బయట చలి, లోపల ఉక్క. ఊపిరాడదని అందరూ చెప్పేది ఈ ఉక్క గురించే. గాలి కోసం పైనుంచి గొట్టాలు వేశారు, అవి ఉన్నచోట నిలబడితే హాయిగా ఉంటుంది. చెమట మాత్రం ధారగా కారుతుంది. నూలు బట్టలు వేసుకోండి, మంచినీళ్లు దగ్గర పెట్టుకోండి, ఎండాకాలం అయితే పెద్దవాళ్లతో వద్దు. ఉబ్బసం, గుండె జబ్బు ఉన్నవాళ్లయితే ముందు డాక్టర్‌ని అడగండి.

అమ్మకి ఇబ్బంది అయింది రెండు చోట్లే. ఒకటి, నడుం వంచి వెళ్లాల్సిన ఇరుకు దారి. మా గైడ్ ఆ ఊరి కుర్రాడు, అమ్మ చెయ్యి పట్టుకుని "అవ్వా, తల జాగర్త, మెల్లగా రా" అంటూ ముందు నడిచాడు. గైడ్‌ని మాత్రం తప్పకుండా పెట్టుకోండి. లోపల దారి చీలికలు చీలికలుగా పోతుంది, ఏ చీలికలో ఏముందో మనకి తెలియదు. కోటిలింగాలు, వేయి పడగలు, ఊడల మర్రి, సప్తస్వరాల గుహ అంటూ పేర్లు పెట్టారు. నాకు బాగా నచ్చింది కోటిలింగాలు. పైకప్పు నుంచి దిగిన సున్నపు ఊడ, నేల మీంచి లేచిన మొలక కలిసిపోయి ఒకే స్తంభమై నిలబడింది. ఒక్కో చుక్కా జారి, ఎన్ని వేల ఏళ్లు పట్టి ఉంటుందో!

గోడల్ని దగ్గరగా చూడండి. పలక మీద పలక పేర్చినట్టు పొరలుంటాయి, అంచులు నీటి ఒరిపిడికి నున్నగా అరిగి ఉంటాయి. అమ్మ వేళ్లతో చూపించి, "ఇది మన అమ్మమ్మ వాళ్లింట్లో గచ్చు రాయే కదే" అంది. పైన అమ్మకానికి పేర్చిన పలకలు, కింద నీళ్లు తొలిచిన ఈ గోడలు, అంతా ఆ నేలలోని సున్నపురాయే.

రెండో ఇబ్బంది పాతాళగంగకి దిగే మెట్లు. నేలకి 46 మీటర్ల లోతు, గుహలో అన్నిటికంటే కిందుండే చోటు. వద్దన్నా అమ్మ వినలేదు, రెండుసార్లు కూర్చుని లేచి దిగింది. సన్నటి ధార, ఏడాది పొడవునా ఉంటుందట. కొంచెం దూరం పారి రాళ్లలోకి మాయమైపోతుంది. బెలుం ఊరి బావిలోకి చేరుతుందని అక్కడివాళ్ల నమ్మకం. అమ్మ ఆ నీళ్లు తలమీద చల్లుకుని చాలాసేపు కదల్లేదు. ఆ పది నిమిషాల కోసమైనా మళ్లీ వెళ్తాను.

ఇంత గుహ గురించి 1884లోనే రాబర్ట్ బ్రూస్ ఫుట్ అనే బ్రిటిష్ భూగర్భ శాస్త్రవేత్త రాసిపెట్టాడు. మళ్లీ దాదాపు వందేళ్లకి, 1982, 83లో గెబావర్ అనే జర్మన్ తన బృందంతో వచ్చి లోపల తిరిగి పరిశోధించాడు. మొత్తం పొడవు 3,229 మీటర్లని లెక్క. మనం నడిచేది అందులో ఒకటిన్నర కిలోమీటరే. ఒకప్పుడు ఇందులో చెత్త పోసేవాళ్లంటే నమ్మబుద్ధి కాదు. శుభ్రం చేసి, దీపాలు పెట్టి 2002లో జనానికి తెరిచారు. అయినా కొన్ని గోడల మీద పేర్లు గీకేశారు, చూస్తే కడుపు మండిపోయింది. బాబుకి ముందే చెప్పండి, గీకకూడదని, ఊడల్ని విరవకూడదని. సప్తస్వరాల దగ్గర రాయి గంటలా మోగుతుందని అందరికీ కొట్టాలనిపిస్తుంది. వద్దు, ఒకసారి విరిగితే మన తరంలో తిరిగి పెరగదు.

బాబుకి జారని బూట్లు వేయండి. తెరిచేది పదింటికి, ఆ సమయానికే చేరితే జనం తక్కువ, అమ్మగారు ఆగి ఆగి నడవొచ్చు. అక్కడి నుంచి గండికోట సుమారు 60 కిలోమీటర్లు. పులిహోర, పెరుగన్నం కట్టుకెళ్లండి, పైకొచ్చేసరికి అందరికీ బాగా ఆకలేస్తుంది. తిని బయల్దేరినా పొద్దు వాలకముందే పెన్నా లోయ అంచున ఉంటారు.