'చూసి చెబుతాం' అనేవారిలో కొనేవారెవరు?

ప్రశ్న: మా అమ్మాయి డిగ్రీ పూర్తిచేసి, ఇళ్ల అమ్మకాలు కుదిర్చే సంస్థలో ఏజెంటుగా చేరి ఆరు నెలలయింది. వారానికి పది పన్నెండు మందికి ఇళ్లు చూపిస్తోంది. అందరూ 'చాలా బాగుంది, చూసి చెబుతాం' అని వెళ్లిపోతున్నారు. ఇప్పటికి కుదిరింది ఒక్క అమ్మకమే. కార్యాలయంలోని సీనియర్లు మాత్రం కొనేవారెవరో ఫోనులోనే పసిగడతారట. 'నాకు మనుషులను చదవడం రాదు' అని దిగులుపడుతోంది. ఇది పుట్టుకతో రావలసిన విద్యా? మాన్పించి పైచదువులకు పంపమంటారా?
– ఒక తల్లి

జవాబు: మాన్పించే ముందు ఒక సంగతి కనుక్కోండి. ఇల్లు చూపించడానికి బయలుదేరే ముందు మీ అమ్మాయి వచ్చినవారిని ఏమేమి అడుగుతోంది? ఎన్ని పడకగదులు కావాలి, బడ్జెట్ ఎంత అన్న రెండు ప్రశ్నల దగ్గరే ఆగిపోతోందని నా అనుమానం. సీనియర్లు ముఖం చూసి చెప్పడం లేదమ్మా, అడిగి తెలుసుకుంటున్నారు. అడగడం అంతగా అలవాటైపోవడంతో పక్కన ఉన్నవారికి అది జ్యోతిషంలా కనిపిస్తుంది.

అనుభవం ఉన్న ఏజెంటు డబ్బు కంటే ముందు తేదీ అడుగుతారు. 'ఎప్పటికల్లా మారాలనుకుంటున్నారు? అప్పటికి మారకపోతే ఏమవుతుంది?' రెండో ప్రశ్నే అసలైనది. అద్దె ఒప్పందం ముగుస్తోందనో, బదిలీ అయిందనో, బిడ్డ పుట్టబోతోందనో, అమ్మానాన్నలు తమ దగ్గరికి వచ్చేస్తున్నారనో చెప్పేవారికి గడువు ఉంది. 'మంచిది దొరికితే చూద్దాం' అనేవారికి లేదు. నా సంగతే చెబుతాను. ఒకప్పుడు ఎనిమిది నెలలపాటు ప్రతి ఆదివారం ఇళ్లు చూస్తూ తిరిగాను. కొంటాననే నిజంగా నమ్మాను. ఒక ఏజెంటు 'ఏ నెలలో మారతారు?' అని అడిగితే నోట మాట రాలేదు. ఆయన నవ్వి, 'ముందు బ్యాంకుకు వెళ్లి మీకు ఎంత అప్పు ఇస్తారో కనుక్కుని రండి, ఇళ్లెక్కడికీ పోవు' అని పంపించేశారు. అప్పుడు కాస్త ఉక్రోషం వచ్చిన మాట నిజమే. రెండేళ్ల తర్వాత ఆయన దగ్గరే కొన్నాను.

డబ్బు విషయంలో 'బడ్జెట్ ఎంత' అంటే ఎవరైనా నోటికొచ్చిన అంకె చెబుతారు. 'అప్పు తీసుకుంటారా? బ్యాంకుతో మాట్లాడారా? చేతి నుంచి పెట్టుకోవలసిన వాటా సిద్ధంగా ఉందా, లేక ఉన్న ఇల్లు అమ్మాక వస్తుందా?' అని అడిగితే నిజం బయటపడుతుంది. నిజంగా కొనేవారు నెల వాయిదా లెక్క ఈపాటికే వేసుకుని ఉంటారు. 8 శాతం వడ్డీతో 20 ఏళ్లకు అప్పు తీసుకుంటే తిరిగి కట్టేది అసలుకు దాదాపు రెట్టింపు. ఆ లెక్క చూసి ఒకసారి ఉలిక్కిపడి, తేరుకుని వచ్చిన మనిషి వేరుగా మాట్లాడతాడు. బ్యాంకు ముందస్తుగా ఇచ్చిన అప్పు అనుమతి కాగితం చేతిలో ఉంటే ఇంకా మంచిది. అయితే ఆ కాగితం స్తోమతకు సాక్ష్యమే కానీ, నిశ్చయానికి కాదు.

ఇక సంతకం ఎవరిది, మాట ఎవరిది అన్నది తేల్చుకోవాలి. భర్త ఒక్కరే నాలుగు ఇళ్లు చూసి మెచ్చుకున్నా, భార్య ఒక్కటీ చూడకపోతే ఆ నాలుగూ లెక్కలోకి రావు. డబ్బు సర్దే మామగారు ఎక్కడో ఉంటే ఆయన మాటే ఆఖరి మాట కావచ్చు.

ఇంటికి తీసుకెళ్లాక మీ అమ్మాయి మాట్లాడటం తగ్గించి, వారిని గమనించాలి. కొత్త ఏజెంట్లు సరిగ్గా ఇక్కడే తప్పులో కాలేస్తారు. అన్నీ బాగున్నాయి అన్న మనిషిని చూసి మురిసిపోతారు, వంకలు పెట్టే మనిషిని చూసి నీరుగారిపోతారు. చాలావరకు సంగతి తలకిందులు. కొనే ఆలోచన లేనివారికి లోపాలతో పనేముంది? గోడమీది చెమ్మ మరక చూపించి అడిగేవారు, కుళాయి తిప్పి నీటి ధార చూసేవారు, మంచం పడుతుందా అని గది కొలిచేవారు, నెలవారీ నిర్వహణ ఖర్చు, హక్కు పత్రాలు, ఇల్లు అప్పగించే తేదీ అడిగేవారు మనసులో అప్పటికే అక్కడ కాపురం పెట్టేశారు. రాత్రిపూట చప్పుడు ఎలా ఉంటుందో చూడటానికి మళ్లీ వస్తామంటే, ఇంకేమీ ఆలోచించకుండా తీసుకెళ్లమనండి.

ఎంతకాలంగానో చూస్తూనే ఉన్నవారి గురించి తొందరపడకూడదు. వారిని అడగవలసింది ఒకటే: 'చూసినవాటిలో ఏది దగ్గరగా వచ్చింది, ఎక్కడ ఆగిపోయింది?' ధర దగ్గరో పత్రాల దగ్గరో చెడిందంటే వారు గట్టి పార్టీయే. ఏ ఇల్లూ గుర్తుకు రాకపోతే వారికి ఇళ్లు చూడటం ఒక కాలక్షేపం. అదీ నేరమేమీ కాదు. పేరు రాసుకుని, మూడు నెలలకొకసారి పలకరిస్తే చాలు.

చొక్కా చూసో, వచ్చిన వాహనం చూసో, పలుకుబడి చూసో అంచనా వేయవద్దని మాత్రం గట్టిగా చెప్పండి. అది అన్యాయమే కాక, వ్యాపారంలో నష్టం కూడా. అలాగే 'ఇంకొకరు అడ్వాన్సు ఇవ్వబోతున్నారు' అని లేని పోటీ కల్పించి నిశ్చయాన్ని పరీక్షించే ఏజెంట్లున్నారు. ఆ దారి పట్టనివ్వకండి. కొనేవారు నమ్మి చెప్పిన గరిష్ఠ ధర అమ్మేవారి చెవిన వేయడమూ అలాంటిదే.

ఇప్పుడు మీ అసలు ప్రశ్నకు వస్తాను. రాబోయే ముప్పైమందిని ఈ తీరుగా అడిగి, వారి జవాబులూ, చివరికి ఎవరు ఏం చేశారన్నదీ ఒక నోటు పుస్తకంలో రాయమనండి. ఇళ్లు చూపించడం సగానికి తగ్గుతుంది, కంగారుపడవద్దు. మూడు నెలల తర్వాత ఆ పుస్తకం తిరగేస్తే తన అంచనాలు ఎక్కడ నిలిచాయో తనకే తెలుస్తుంది. ఒకవేళ డబ్బు గురించి అపరిచితులను అడగడమే తనకు నచ్చడం లేదనుకుంటే, కమిషన్ మీద బతికే ఈ పనిలో ఆ ఇబ్బంది రోజూ ఎదురవుతుంది. అప్పుడు గృహరుణాల పరిశీలన, ఆస్తి విలువ కట్టడం, పత్రాల తనిఖీ వంటి జీతపు ఉద్యోగాల వైపు చూడవచ్చు. ఈ ఆరు నెలల తిరుగుడు అక్కడా పనికొస్తుంది. పైచదువు ఏదన్నది ఆ పుస్తకం చూశాక మాట్లాడుకుందాం. వచ్చేటప్పుడు అమ్మాయినీ తీసుకురండి.