కాలవ గట్టు ఎక్కనంటున్న బాబు

ప్రశ్న: మాది రాజోలు దగ్గర పల్లెటూరు. మా బాబుకు తొమ్మిదేళ్లు. పోయినేడు సఖినేటిపల్లి రేవులో గోదావరి దాటించే పంటు ఎక్కుతూ కాలుజారి నీళ్లలో పడ్డాడు. వెంటనే తీశారు గానీ, అప్పట్నుంచి ఇంటి ముందు కాలవ గట్టు కూడా ఎక్కడు. ఎక్కాలు తప్పితే ట్యూషన్ మాస్టారు ‘కాలవలో పడేస్తా’ అంటారు. బలవంతంగా నీళ్లలో దింపితే భయం అదే పోతుందంటారు మా మామగారు. ఏం చేయమంటారు?

జవాబు: అమ్మా, మీ మామగారు మనవడి మంచి కోరే అంటున్నారు. అయినా ఆ పని మాత్రం చేయనివ్వకండి. నీళ్లతో పాటు తాతయ్యను చూసినా జడుసుకుంటాడు.

పంటు దగ్గర పడితే ఇంటి ముందు కాలవంటే భయమేమిటి అనిపించి ఉంటుంది. భయం అలాగే పాకుతుంది. 1920లో అమెరికాలో వాట్సన్, రేనర్ అనే పరిశోధకులు ఒక పసివాడికి తెల్ల ఎలుకను చూపిస్తూ వెనక ఇనుప కడ్డీ మీద గట్టిగా కొట్టి మోగించారు. తర్వాత వాడు ఎలుకనే కాదు, కుందేలును చూసినా ఏడ్చాడు. (ఇప్పుడైతే అలాంటి ప్రయోగం ఎవరూ చేయనివ్వరు లెండి.) మనకు పనికొచ్చేది 1924లో మేరీ కవర్ జోన్స్ రాసిన సంగతి. కుందేలంటే హడలిపోయే పీటర్ అనే పిల్లాడు ఇష్టమైనవి తింటుంటే, బోనులోని కుందేలును దూరంగా పెట్టి, కొద్దికొద్దిగా దగ్గరకు జరిపారు. చివరికి వాడే దాన్ని ముద్దు చేశాడు.

వేసవిలో కాలవలు కట్టేసినప్పుడు మొదలుపెట్టండి. ఎండిన రేవు మెట్ల మీద కూర్చుని ఇద్దరూ మామిడి ముక్కలు తినండి. నీళ్లు వదిలాక మళ్లీ గట్టు మీద నుంచి మొదలు. తర్వాత పై మెట్టు, ఆపైన ఇంకోటి. చెయ్యి పట్టుకుని మీరు పక్కనే ఉండాలి, ఎప్పుడు దిగాలో మాత్రం వాడే చెప్పాలి. గుండెదడ తగ్గాకే ఇంటికి రండి. దడగా ఉన్నప్పుడే వెనక్కి తెస్తే, పారిపోతేనే హాయి అన్నది అలవాటైపోతుంది. పాత భయం పూర్తిగా చెరిగిపోదు, దాని మీద కొత్త అలవాటు పడుతుందంతే. చోటు మారితే మళ్లీ తలెత్తవచ్చు. అందుకే రెండు మూడు రేవుల్లో చేయించండి. పంటు ఆఖర్న.

మాస్టారి మాటే నాకు ఎక్కువ కోపం తెప్పించింది. ఎక్కం తప్పినప్పుడల్లా కాలవ పేరెత్తితే ఆ దడ లెక్కల పుస్తకానికీ అంటుకుంటుంది. రేపు లెక్కల పీరియడ్ అనగానే కడుపునొప్పి మొదలవుతుంది. ఆ బెదిరింపు మానమని గట్టిగా చెప్పండి, మానకపోతే ట్యూషన్ మార్చండి. ఇంట్లో మాత్రం వాడికి బాగా వచ్చిన ఎక్కంతో మొదలుపెట్టించండి.

రాత్రుళ్లు ఉలిక్కిపడి లేస్తున్నా, బడి మానేస్తున్నా క్లినికల్ సైకాలజిస్టుకు చూపించండి. ఈలోగా టెన్షన్‌గా ఉంటే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కు ఫోన్ చేయండి, తెలుగులోనే మాట్లాడతారు.